మనుమరాలి టెన్నిసు – మా రెండెకరాలు

పోటీల సంగతి మా ప్రాంతం వాళ్ళకు ఒకరు నేర్పనక్కరలేదు. మా యర్రగొండపాలేనికి పల్నాడు పొరుగే. నాగమ్మా, బ్రహ్మనాయుడూ కోడిపందెంతో మొదలుపెట్టి సంగతి ఎంతదాకా తీసికొనిపోయారో ఇక్కడ బడిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తిరునాళ్ళ వచ్చిందంటే ఎద్దుల బండలాగుడు వుండి తీరవలసిందే. ఎవరి జత ఎన్ని అడుగులు లాగిందో మర్నాటి దాకా టీ కొట్టు దగ్గర తగవు తెగదు. అటువంటి ఊళ్ళో వుండి నేను టెన్నిసు గురించి వ్రాయడం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. వాలీబాలు నెట్టు కట్టిన చోట్లు మా వైపు కావలసినన్ని వున్నవి కాని, టెన్నిసు రాకెట్టు పట్టినవాణ్ణి మా వీధిలో నేను ఏనాడూ చూడలేదు.

అయినప్పటికీ మా ఇంట్లో ఈ వేసవి అంతా టెన్నిసే మాట్లాడుకున్నాము. కారణం మా మనుమరాలు.

నేను ముప్ఫయ్యేళ్ళు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లెక్కలు వ్రాసి, కళ్ళు మందగించాక ఊరు చేరినవాణ్ణి. మా అబ్బాయి హైదరాబాదులో వుద్యోగం. వాడికి ఒక్కతే కూతురు, పదమూడేళ్ళ పిల్ల. ఏడో ఏట రాకెట్టు చేతికిచ్చాడు. ఆ పిచ్చి వాడికి ఎక్కడ పట్టుకున్నదో నాకు తెలుసు. 2005 ఫిబ్రవరిలో వాడు అక్కడ కాలేజీలో చదువుతున్నాడు. హైదరాబాదు ఓపెన్ పోటీలో సానియా మీర్జా గెలిచిన రోజున వాడు గ్యాలరీలో వున్నాడు. మహిళల టూరులో ఒక భారతీయురాలు సింగిల్సు టైటిలు గెలవడం అదే మొదటిసారి. ఆ రాత్రి నాకు ఫోను చేసి, గొంతు బొంగురుపోయి మాట్లాడలేకపోయాడు. పరీక్ష పోయిందేమోనని నేను కంగారు పడ్డాను కూడా.

మొన్న మే నెలలో వాడు కూతురిని తీసికొని వచ్చి, రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడోనాడు భోజనాల దగ్గర సంగతి బయటపెట్టాడు. మాకు ఊరికి దగ్గరలో రెండెకరాల ఎర్రనేల వున్నది. వెలిగొండ నీళ్ళకోసం ఆశపడి, అడిగినవాళ్ళకు కాదని ఇన్నేళ్ళూ నిలుపుకున్న పొలం అది. దాన్ని అమ్మి పిల్ల ఆటకు ఖర్చు పెడదామని వాడి ఆలోచన.

నేను వెంటనే అవుననలేదు, కాదనలేదు. లెక్కలు వ్రాసినవాడికి అంకెలు చూడందే మాట పెగలదు. కాగితం తెమ్మన్నాను. వాడు తెచ్చాడు. కోచింగు ఫీజు, రాకెట్లు, నాలుగు వారాలకొకసారి తెగిపోయే తీగలు, బూట్లు, రైలు చార్జీలు, పిల్ల వెంట తల్లి తిరిగే ఖర్చు — అన్నీ కూడితే ఏడాదికి ఆరు లక్షలు దాటింది. పుచ్చుకునే వైపు గడి ఖాళీగా వున్నది.

“ఇందులో జమ ఏదిరా?” అన్నాను.

“జమ తరువాత వస్తుంది నాన్నా,” అన్నాడు.

తరువాత అంటే ఎప్పుడో తెలుసుకుందామని మనుమరాలిని కూర్చోబెట్టుకుని టెన్నిసు టూరు లెక్క అంతా చెప్పించుకున్నాను. పెద్ద టోర్నమెంట్లు నాలుగు వున్నవి. అందులో ఒకటి గెలిస్తే 2,000 పాయింట్లు. మెట్లకు అడుగున వుండేవి 15,000 డాలర్ల పోటీలు. అక్కడ గెలిస్తే వచ్చేవి 15 పాయింట్లు. ఆ 15,000 డాలర్లయినా గెలిచినవాళ్ళ చేతికి రావు. సింగిల్సుకు దిగిన ముప్ఫయిరెండుగురికీ, డబుల్సు ఆడినవాళ్ళకూ పంచగా వచ్చేదే. అందులోనే విమానం టిక్కెట్టూ, హోటలు గదీ. సంపాదించిన పాయింట్లు కూడా శాశ్వతం కాదు. యాభైరెండు వారాలకు చెల్లిపోతవి. మళ్ళీ గెలిచి నిలుపుకోవాలి. “అంటే కౌలు భూమి అన్నమాట,” అన్నాను. “అంతే తాతయ్యా, ఏటేటా కట్టాలి,” అన్నది పిల్ల. నా లెక్కలు ఇంత త్వరగా పట్టుకున్నవాళ్ళు మా ఇంట్లో ఇంకొకరు లేరు.

మా ఆవిడకు ఈ లెక్కలతో పని లేదు. ఆవిడ టి.వి.లో ఆట చూస్తుంది, ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళ పక్షం చేరుతుంది. 2025 జూన్‌లో పారిస్‌లో అల్కరాజు, సిన్నరు ఆడిన ఫైనలు అర్ధరాత్రి దాకా కూర్చుని చూసింది. ఐదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల ఆట అది. మొదటి రెండు సెట్లూ పోగొట్టుకున్న అల్కరాజు పక్షం చేరింది. నాలుగో సెట్టులో సిన్నరుకు ఒక్క పాయింటు వస్తే చాలు, కప్పు అతనిదే. అటువంటి అవకాశం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ జారిపోయింది. చివరికి అల్కరాజు గెలిచేసరికి మా ఆవిడ పక్షం మార్చి, “పాపం, ఆ ఎర్రజుట్టు పిల్లవాడు ఈ రాత్రి అన్నం తింటాడా?” అన్నది. సరిగ్గా ఐదు వారాలకు ఆ పిల్లవాడే వింబుల్డన్ ఫైనలులో అల్కరాజును ఓడించాడు. సెప్టెంబరులో అమెరికాలో మళ్ళీ అల్కరాజు గెలిచాడు. “వీళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు మేత వేసుకుని పెంచుకుంటున్నారండీ,” అని తేల్చింది.

ఆ మాట నాకు చాలా రోజులు పట్టుకున్నది. మా బండలాగుడులో ఒక జత లాగేటప్పుడు రెండో జత అక్కడ వుండనక్కరలేదు. బండకూ ఎద్దులకూ పోటీ; టేపు పెట్టి కొలుస్తారు. టెన్నిసులో కొలిచే టేపు లేదు. అవతల నిలబడ్డ మనిషే కొలత. ఆ మనిషి ఎంత గట్టివాడైతే మన ఆట అంత బయటికి వస్తుంది. క్రిస్ ఎవర్టు, మార్టినా నవ్రతిలోవా ఎనభైసార్లు తలపడ్డారు. మార్టినా 43, ఎవర్టు 37. ఇన్నిసార్లు తోడికోడళ్ళు తలపడితే ఇల్లు రెండుగా చీలేది. వాళ్ళు మాత్రం స్నేహితురాళ్ళుగా మిగిలారు. నాదలు, జొకోవిచ్ అరవైసార్లు ఆడితే తేడా రెండే: జొకోవిచ్ 31, నాదలు 29.

మనవాళ్ళ సంగతి ఇంకా తమాషా. తెలుగింటివాడైన మహేశ్ భూపతీ, లియాండర్ పేసూ కలిసి 1999లో నాలుగు పెద్ద టోర్నమెంట్లలోనూ డబుల్సు ఫైనలు చేరారు. పారిస్‌లోనూ, వింబుల్డన్‌లోనూ గెలిచారు. తరువాత ఇద్దరికీ పొసగక విడిపోయిన కథ దేశమంతటికీ తెలుసు. సానియా, మార్టినా హింగిస్ జంటగా 2015లో వింబుల్డన్, అమెరికా టైటిళ్ళు, 2016లో ఆస్ట్రేలియా టైటిలు గెలిచారు; వరుసగా నలభై ఒక్క ఆటలు ఓటమి లేకుండా నడిచారు. 2016 ఆగస్టులో విడిపోయారు. విడిపోయిన వెంటనే సిన్సినాటి ఫైనలులో నెట్టుకు చెరో వైపునా ఎదురుపడ్డారు! సానియా జంట గెలిచింది. ఈ కథ విని మా ఆవిడ, “వేరుపడ్డ వెంటనే ఎదురుపడడమంటే ఎంత కష్టమో!” అని నిట్టూర్చింది. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన మనిషి కదా.

ఈ ఆటలో డబ్బు సంగతి కూడా మనుమరాలి పుణ్యమా అని కొంత తెలుసుకున్నాను. 1968 దాకా పైకం పుచ్చుకుని ఆడే వృత్తి ఆటగాళ్ళను పెద్ద టోర్నమెంట్లకు రానిచ్చేవాళ్ళు కారు. 1960లోనూ, 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనలు ఆడిన మన రామనాథన్ కృష్ణన్‌ను జాక్ క్రేమర్ తన వృత్తి బృందంలోకి పిలిచినా ఆయన వెళ్ళలేదు. 1970లో బిల్లీ జీన్ కింగూ, మరి ఎనిమిదిమంది స్త్రీలూ హ్యూస్టన్‌లో ఒక్కొక్క డాలరుకు సంతకం పెట్టి తమ పోటీలు తామే మొదలుపెట్టారు. ఆ ఒక్క డాలరే మొలకెత్తి ఈనాటి మహిళల టూరు అయింది.

మరి మనకేమయింది? మా అబ్బాయి గొంతు బొంగురుపోయేలా అరిచిన ఆ హైదరాబాదు పోటీ మర్నాటి ఏడే బెంగుళూరికి తరలిపోయింది. మద్రాసులో రెండు దశాబ్దాలు నడిచిన పురుషుల పోటీ పుణేకు మారి, 2023తో అక్కడా ఆగిపోయింది. బాడ్మింటనులో ఆనాటి మా ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తరువాత అకాడమీ పెట్టి, సైనాను, సింధును, శ్రీకాంత్‌ను వరుసగా నిలబెట్టాడు. ఒకరి వెనక ఒకరు నడవడానికి బాట పడ్డది. టెన్నిసులో సానియా ఒక్కతే కొండెక్కింది. బాట ఇంకా పడుతూనే వున్నది.

పడడం లేదని మాత్రం అనను. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడుతూ చదువుకుని వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి బంగారు పతకం తెచ్చాడు. హైదరాబాదు కుర్రవాడు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి 2024లో అల్మాటిలో, 2025లో చిలీలో డబుల్సు టైటిళ్ళు గెలిచాడు. యమలపల్లి సహజ కూడా అమెరికాలో కాలేజీ ఆట ఆడి వచ్చిన పిల్లే. ఆమె, భమిడిపాటి శ్రీవల్లి రష్మిక — మన తెలుగు పిల్లలిద్దరూ — 2025లో బిల్లీ జీన్ కింగ్ కప్పుకు దేశం తరఫున ఆడారు. దేశంలో ముందు పేరు ఎవరిదన్నప్పుడు ఒకరికొకరు పోటీ. దేశం పేరు చెప్పి దిగినప్పుడు ఒకే జట్టు.

మా పిల్లకూ అటువంటి పోటీ ఒకటి వున్నది. వాళ్ళ అకాడమీలోనే ఇంకొక అమ్మాయి, తండ్రి ఆటో నడుపుతాడట. మావాడు ఆ పిల్ల పేరెత్తితే ముఖం ముడుచుకుంటాడు. ఏ పోటీకి వెళ్ళినా ఆ పిల్ల చేతిలోనే మాది ఓడిపోతున్నదని వాడి బాధ. పిల్లను అకాడమీ మార్పిస్తే ఎట్లా వుంటుందని కూడా ఆలోచిస్తున్నాడు.

ఒక సాయంత్రం డాబా మీద పిల్లను నేనే అడిగాను. “ఆ అమ్మాయి అంటే నీకు కోపమా?”

“కోపమెందుకు తాతయ్యా? వూళ్ళకు వెళ్ళినప్పుడు మేమిద్దరం ఒకే గదిలో వుంటాము. అద్దె సగం సగం.”

“మరి అన్నిసార్లు ఓడిపోతున్నావుగా?”

“నా బ్యాక్‌హ్యాండు వైపు కొట్టి కొట్టి చంపుతుంది. అందుకే నాకు బ్యాక్‌హ్యాండు వచ్చింది. తను మానేస్తే నేను ఎవరితో ఆడను?” అని, కొంచెం ఆగి, “వాళ్ళ నాన్న ఈ ఏడు చూసి మాన్పిస్తానంటున్నాడు,” అన్నది. ఆ చివరి మాట అంటున్నప్పుడు దాని గొంతులో భయం వినిపించింది. రోజూ తనను ఓడించే మనిషి వెళ్ళిపోతుందేమోనని భయపడే పిల్లను నేను మొదటిసారి చూడడం.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఈ పిల్ల సానియా అవుతుందా? లెక్క ప్రకారం కాదు. వేలమందిలో ఒక్కరికి దొరికేది తనకే దొరుకుతుందని ఎవరు మాట ఇవ్వగలరు? కాని మా పొలానికి నీళ్ళు వస్తవని కూడా నాకెవరూ కాగితం వ్రాసి ఇవ్వలేదు. అయినా ఇన్నేళ్ళు దాన్ని నమ్ముకుని కూర్చోలేదా?

తెల్లవారి కాఫీ దగ్గర నా నిర్ణయం చెప్పాను. రెండెకరాల్లో ఒకటి అమ్ముదాము. ఆ సొమ్ము బ్యాంకులో వేసి మూడేళ్ళు ఆటకు వాడుదాము. మూడేళ్ళ తరువాత మళ్ళీ కూర్చుని లెక్క చూద్దాము. టెన్నిసు ర్యాంకుకు యాభైరెండు వారాలే గడువు. నేను మూడు రెట్లు ఇస్తున్నాను. బడి మానకూడదు. ఆటతో ఇక్కడ నెగ్గుకు రాలేకపోతే సాకేత్, సహజ నడిచిన కాలేజీ దోవ ఒకటి వున్నది. దానికి మార్కులు కావాలి. రెండో ఎకరం జోలికి ఎవరూ రాకూడదు. అది మా ఆవిడది.

మావాడు తల వూపాడు. అంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తనూ ఒక షరతు పెట్టింది. “అకాడమీ మార్చకు నాయనా. ఆ ఆటోవాళ్ళ అమ్మాయి రైలు చార్జీలు కూడా ఈ సొమ్ములోంచే ఇవ్వు. ఆ పిల్ల లేకపోతే మన పిల్ల ఎవరితో ఆడుతుంది?”

మావాడు నా వైపు చూశాడు. ఖర్చు కింద ఇంకొక పద్దు చేరింది. నేను మాట్లాడకుండా కాగితం తీసి ఆ పద్దు వ్రాసికొన్నాను.

ఎకరం జూలైలో రిజిస్ట్రేషను అయింది. పోయిన ఆదివారం మనుమరాలు ఫోను చేసింది. మళ్ళీ ఆ అమ్మాయితోనే ఫైనలు, మళ్ళీ ఓటమే.

“ఎంత తేడాతో?” అన్నాను.

“6–4, 7–5. క్రిందటిసారి 6–1, 6–2 తాతయ్యా!”

రెండు వరుసలూ వ్రాసి కూడుకున్నాను. మూడు గేములు తొమ్మిదయినవి. ఫోను మా ఆవిడ చేతికిచ్చాను.