రెండవ సిలిండరు

యంత్రాన్ని గూర్చి మన సాహిత్యంలో ఆవేశానికి కొదవలేదు. దాన్ని భూతమన్నవారున్నారు, విమోచకుడన్నవారున్నారు. బోనెట్టు ఎత్తి లోపలికి తొంగిచూచినవారు మాత్రం అరుదు. సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పుటల్లో కారు రిపేరు సంగతేమిటని పాఠకులు విసుక్కోవచ్చు. కాని జ్ఞానం ఎవరి సొత్తు, శ్రమకు విలువ కట్టేదెవరు అనే ప్రశ్నలు నాకు ఈ మధ్య ఏ గ్రంథంలోనూ ఎదురుకానంత స్పష్టంగా ఒక షెడ్డులో ఎదురైనాయి.

మాది మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. వారానికి మూడుసార్లు మా అమ్మను డయాలిసిస్‌కు తీసుకుపోయేది అందులోనే. కనుక అది మాకు విలాసవస్తువు కాదు. వానాకాలంలో ఒకనాడు విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కుతుండగా బండి కుదపసాగింది. పికప్పు పడిపోయింది. ఎదుట ఇంజను బొమ్మ దీపం ఆరుతూ వెలుగుతూ ఉన్నది. దీపం నిలకడగా వెలగటం వేరు, ఇలా కొట్టుకోవటం వేరు. మండని పెట్రోలు పొగగొట్టంలోని కన్వర్టరులోకి పోయి అక్కడ మండి, దాన్ని కాల్చివేసే ప్రమాదమున్నదని దాని అర్థం. ఆ వారమంతా అమ్మ ఆటోలోనే వెళ్ళింది.

మెకానిక్కులు దీన్ని ‘మిస్సింగు’ అంటారు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండుసార్లు తిరిగితే ఒక్కొక్క సిలిండరు ఒక్కసారి మండుతుంది. నిమిషానికి 800 చుట్ల చొప్పున ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా ఒక్కొక్కటి 400 సార్లు మండాలి. మూడింటిలో ఒకటి మానుకుంటే బలంలో మూడోవంతు పోయినట్టే. కారులోని కంప్యూటరుకు నిప్పు కనబడదు. క్రాంకుషాఫ్టు ఏ క్షణంలో వెనుకబడిందో కొలిచి, ఆ క్షణంలో తోయవలసిన సిలిండరు ఏదో లెక్కగడుతుంది. పి-0302 అన్న కోడు చెప్పేది ఇంతే: రెండవ సిలిండరు తొయ్యలేదు. ఎందుకు తొయ్యలేదో చెప్పదు. నిప్పు లేకపోవచ్చు, పెట్రోలు అందకపోవచ్చు, కంప్రెషను పోయి ఉండవచ్చు. జబ్బులు మూడు, కోడు ఒకటే.

నేను మొదట వెళ్ళిన అధీకృత సర్వీసు కేంద్రంవారు (పేరు అనవసరం) ఈ లక్షణాన్నే రోగనిర్ణయంగా స్వీకరించారు. కాయిళ్ళు మూడూ మార్చాలి, ఇంజెక్టర్లు కడగాలి, థ్రాటిల్ కడగాలి అంటూ పద్ధెనిమిది వేల చిల్లరకు అంచనా కాగితం ఇచ్చారు. కారణమేమిటని అడిగితే, “ఇవన్నీ చేస్తే పోతుంది సార్” అన్నారు. ప్లగ్గుల సంగతి అడిగితే, పోయిన సర్వీసులో చూశామన్నారు. మన విమర్శలోనూ ఈ ధోరణి కద్దు. నవలలో నైరాశ్యం కనబడగానే నవలాకారుణ్ణి మార్చెయ్యమంటాం.

ఆటోనగర్‌లో ముప్ఫై ఏండ్లుగా పానా పట్టిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. బండి దగ్గరకు రాగానే స్కానరు తియ్యలేదు. పొగగొట్టం వెనక నిలబడి విన్నాడు. ఇంజను నడుస్తుండగానే ఇంజెక్టర్ల పిన్నులు ఒక్కొక్కటే లాగి పెట్టాడు. ఒకటవదీ మూడవదీ లాగితే ఇంజను ఇంకా కుంటింది. రెండవది లాగితే తేడా లేదు. పని చెయ్యనివాణ్ణి పనిలోంచి తీసేస్తే ఏం నష్టం? అటుపిమ్మట తన ఫోనుకు ఒక చిన్న యంత్రం తగిలించి కోడు చూశాడు. అదే కోడు.

పది నంబరు పానాతో ఒకటవ కాయిలునూ రెండవ కాయిలునూ అటూయిటూ మార్చి, కోడు చెరిపివేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని బెంజి సర్కిలు ఫ్లైఓవరు ఎక్కించాడు. ఈసారి వచ్చిన కోడు పి-0301. జబ్బు కాయిలుతోబాటు ఒకటవ సిలిండరుకు నడిచిపోయింది. పావుగంట పని, ఖర్చు లేదు. మూడు కాయిళ్ళలో రెండు నిర్దోషులని తేలిపోయింది.

డిప్లొమా చదువుతూ అక్కడ పని నేర్చుకొంటున్న కుర్రవాడు కొత్త కాయిలుకు లేచాడు. మేస్త్రి కూర్చోమన్నాడు.

“కాయిలు చచ్చింది సరే. ఎందుకు చచ్చిందిరా?”

ప్లగ్గులు విప్పించాడు. మొనలు అరిగి, ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండవలసిన ఎడం 1.4 దాకా పోయింది. ఎడం పెరిగితే నిప్పురవ్వ దూకటానికి మరింత వోల్టేజి కావాలి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులో ఒత్తిడి హెచ్చి ఇంకా కావాలి. బండి మొదట ఫ్లైఓవరు మీదనే ఎందుకు కుదిపిందో అప్పుడు బోధపడింది. వేల వోల్టుల విద్యుత్తు ప్లగ్గు మొన దగ్గర దారి దొరక్క, కాయిలు రబ్బరు తొడుగును చీల్చుకొని పక్కనున్న లోహంలోకి పోయింది. తొడుగు మీద వెంట్రుకవాసి నల్లటి గీత మేస్త్రి టార్చి వేసి చూపించాడు. ఇవే ప్లగ్గులుంచి కాయిళ్ళు మూడూ మార్చి ఉంటే, కొత్తవీ ఆ గతే పట్టేవి.

ఈ మేస్త్రికి మా కారు కంపెనీవారి మరమ్మతు పుస్తకం దొరకదు. అతని చిన్న యంత్రం సామాన్యమైన కోడులు చదువుతుంది. బ్రేకులవీ, ఎయిర్‌బ్యాగులవీ చాలావరకు చదవలేదు. ఇది అతని అసమర్థత కాదు, తలుపుకు వేసిన తాళం. విడిభాగాలూ, పరీక్షా పరికరాలూ, సాంకేతిక సమాచారమూ బయటి మెకానిక్కులకు అందనివ్వటం లేదని 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషను 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022లో కేంద్రప్రభుత్వం ‘మరమ్మతు హక్కు’ మీద ఒక సంఘాన్ని వేసింది. ఈ సంగతులేవీ మేస్త్రికి తెలియవు. నేను చెబితే విని, “పుస్తకం ఇస్తారా మరి?” అన్నాడు.

అంచనా కాగితంలో వస్తువు మార్చినందుకు కూలి ఉన్నది, మార్చనక్కరలేదని కనిపెట్టినందుకు లేదు. మేస్త్రి చీటీలోనూ లేదు. కాయిలు ఒకటి, ప్లగ్గులు మూడు, కూలి నాలుగువందలు అని రాశాడు. జబ్బు కనిపెట్టినందుకు వేరే రాయమన్నాను.

“అది రాస్తే ఎవరిస్తారు మాస్టారూ?” అంటూనే వెనకాల ఆగిన వ్యాను బోనెట్టు ఎత్తాడు. నేను మరో అయిదువందలు కుర్రవాడి చేతిలో పెట్టాను. వాడు మేస్త్రి వైపు చూశాడు. ఆయన చూడలేదు.