తాతయ్య మంత్రం, స్నేప్ కషాయం

హారీ పోటర్ పిచ్చోళ్ళు ఇద్దరు కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: నీకు ఇష్టమైన మంత్రం ఏంటి? ఎక్కువమంది ఎక్స్‌పెక్టో పాట్రోనమ్ అంటారు. బద్ధకస్తులు ఆక్సియో అంటారు, మంచం మీంచి లేవకుండా ఛార్జర్ తెప్పించుకోవచ్చని. నేను మాత్రం మంత్రాల పార్టీ కాదు. కషాయాల పార్టీ. స్నేప్ మాస్టారి నేలమాళిగ క్లాసు, పొగలు కక్కే కళాయిలు, సీసాల్లో తేలే పాములూ కప్పలూ... చదివిన ప్రతిసారీ అక్కడే ఆగిపోతా.

ఎందుకంటే మంత్రం నోరు తిరిగితే చాలు, అయిపోతుంది. కషాయానికి అలా కుదరదు. వేరేవాళ్ళ రూపం తెచ్చిపెట్టే పాలీజ్యూస్ కషాయమే తీసుకోండి. తయారవడానికి నెల రోజులు. అందులో వేసే పురుగుల్ని 21 రోజులు ఉడికించాలి. ఒక మొక్కని పున్నమి రాత్రే కోయాలి. ఒక పాము కుబుసం తురిమి వెయ్యాలి. మా తిరువూరు వైపు ఆవకాయ పెట్టేటప్పుడు అమ్మమ్మ పెట్టే రూల్సే ఎక్కువనుకునేవాణ్ణి, తడి చెయ్యి తగలకూడదు, గరిటె మారకూడదు అని. స్నేప్ ఆమెకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు.

అన్నట్టు, మొదటి పుస్తకం తెలుగులో 'హారీ పోటర్ పరుసవేది' అనే పేరుతో వచ్చింది. ఇనుముని తాకితే బంగారం చేసే రాయికి కొత్త మాట వెతుక్కోవాల్సిన పనే రాలేదు. మన కథల్లో ఎప్పట్నుంచో ఉంది. చందమామ సీరియళ్ళు చదివిన అమ్మలకీ, 1951 నాటి పాతాళభైరవిని టీవీలో పదిసార్లు చూసిన నాన్నలకీ హాగ్వార్ట్స్ పెద్ద వింతేం కాదు. మా నాన్న మొదటి సినిమా డబ్బింగులో పది నిమిషాలు చూసి, 'ఇంతేనా, మన ఎస్వీ రంగారావు ముందు వీళ్ళెంత' అని లేచి వెళ్ళిపోయాడు.

స్నేప్ మొదటి క్లాసులోనే హారీని ఇరికించే ప్రశ్న ఒకటుంది. బెజోర్ కావాలంటే ఎక్కడ వెతుకుతావు అని. జవాబు, మేక కడుపులో. చాలా విషాలకి అది విరుగుడు. ఆరో పుస్తకంలో రాన్ విషం తాగి కొట్టుకుంటుంటే హారీ ఈ రాయినే గొంతులో కుక్కి బతికిస్తాడు. ఇది రౌలింగ్ ఊహ అనుకుంటాం గానీ కాదు. యూరప్ రాజులు నిజంగానే బెజోర్‌ని బంగారు తొడుగు చేయించి దాచుకునేవాళ్ళు. మనకీ దీనికో చుట్టం ఉంది, గోరోచనం. ఆవు పిత్తాశయంలో తయారయ్యే రాయి. మా ఇంట్లో చిన్న రేకు డబ్బాలో ఉండేది. పసిపిల్లలకి జలుబు చేస్తే తల్లిపాలతో అరగదీసి నాలిక్కి రాసేవాళ్ళు.

16వ శతాబ్దంలో ఆంబ్రోయిజ్ పారే అనే ఫ్రెంచి సర్జన్‌కి ఈ బెజోర్ మీద అనుమానం వచ్చింది. రాజుగారేమో అది పనిచేస్తుందంటాడు. వెండి సామాను దొంగిలించి ఉరిశిక్ష పడ్డ వంటవాడు ఒకడున్నాడు. విషం తాగు, వెంటనే బెజోర్ ఇస్తాం, బతికితే వదిలేస్తాం అన్నారు. పాపం ఒప్పుకున్నాడు. కొన్ని గంటలు నరకం చూసి చచ్చిపోయాడు. దుర్మార్గమైన టెస్టింగే, కాదనను. కానీ రాయి ఫెయిలైందని అందరి ముందూ తేలిపోయింది.

మన ఊళ్ళ మంత్రాలకి అలాంటి టెస్టింగ్ ఎప్పుడూ జరగలేదు. అదే ఇవాళ నా గొడవ.

మా చినతాతయ్య, అంటే తాతయ్య తమ్ముడు, తేలు మంత్రం, పాము మంత్రం వేస్తాడు. తిరువూరికి 9 కిలోమీటర్ల దూరంలో, మామిడి తోటల మధ్య ఉంటుంది వాళ్ళ ఊరు. చిన్నప్పుడు నాకు ఆయన అచ్చంగా డంబుల్‌డోరే, కాకపోతే పంచె, భుజాన కండువా. తేలు కుట్టినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, వేపమండతో పైనుంచి కిందికి దిగదుడుస్తూ పెదాలు కదిపేవాడు. మాట బయటికి వినపడేది కాదు. నేను చెవి దగ్గర పెట్టి విన్నా గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

హాగ్వార్ట్స్ మంత్రానికీ తాతయ్య మంత్రానికీ పెద్ద తేడా ఇక్కడే ఉంది. అక్కడ మంత్రాలు పుస్తకంలో అచ్చయి ఉంటాయి. పిల్లలందరికీ ఒకటే సిలబస్. నోరు తిరక్కపోతే పక్కనున్న హెర్మయొనీ సరిచేస్తుంది. మన మంత్రానికి ఉపదేశం కావాలి. గురువు చెవిలో చెప్పాలి. బయటికి చెబితే శక్తి పోతుంది. గ్రహణం రోజు గొంతులోతు నీళ్ళలో నిలబడి జపం చేసి, ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టినట్టు, మళ్ళీ బలం ఎక్కించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు ముట్టకూడదు. ఈ ఆఖరి రూల్ వల్లే ఊళ్ళో ఆయనకంత నమ్మకం. పైసా తీసుకోనివాడు మోసం ఎందుకు చేస్తాడు? నిజమే, తాతయ్య ఎవర్నీ మోసం చేయలేదు.

కానీ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది సోర్స్ కోడ్ చూపించని ప్రోగ్రామ్. పైగా టెస్ట్ కేసులన్నీ ఈజీవి. తేలు నొప్పి చాలామందికి కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది. మన దగ్గర కరిచే పాముల్లో జెర్రిపోతులూ నీరుకట్టులూ బోలెడు, వాటికి మనిషిని చంపే విషమే లేదు. నాగుపాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా ఉత్తినే కాటేసి పోతుంది. ఇలాంటి వందమందికి వేపమండ తిప్పితే దాదాపు వందమందీ బతుకుతారు. మంత్రం ఖాతాలో పడతారు. నూటొకటో వాడు పోతే మాత్రం ఆలస్యంగా తెచ్చారంటారు, లేదా మైల తగిలిందంటారు. ఫెయిలైన కేసు లాగ్‌లోకే రాదు.

ఈ నమ్మకం ఎంతదాకా వెళ్ళిందో చెప్పడానికి పొలిరెడ్డిపాలెం నరసయ్య గారి కథ చాలు. గూడూరు–మద్రాసు లైన్లో ఆయన స్టేషన్ మాస్టర్. ఎక్కడ పాము కరిచినా రైల్వే టెలిగ్రామ్ కొడితే ఆయన అక్కణ్ణుంచే మంత్రం వేసేవారని, రోగి లేచి కూర్చునేవాడని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రిమోట్ కాల్ అన్నమాట, మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు. కథగా నాకు చాలా ఇష్టం. కథగా మాత్రమే.

ఎందుకంటే 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి పోయినవాళ్ళు దాదాపు 12 లక్షలమందని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువగా పల్లెల్లో, వానాకాలంలో. ఆ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ముందు వరసలోనే ఉంది.

2021 జూలై. వర్క్ ఫ్రమ్ హోమ్ అని నేను తాతయ్య వాళ్ళింట్లో మకాం పెట్టా, సిగ్నల్ మేడ మీద మాత్రమే వచ్చేది. ఒక సాయంత్రం పక్క తోట కౌలుకి చేసే బాబాయి కుంటుకుంటూ వచ్చాడు. మోటారు షెడ్డు దగ్గర గడ్డిలో కాలేశాడట. పాదం మీద రెండు గాట్లు, చుట్టూ అప్పుడే వాపు. వెనకొచ్చినవాళ్ళు తాతయ్య అరుగు ముందు గుమిగూడారు. ఎవరో వేపమండ విరుచుకొచ్చారు కూడా.

తాతయ్య మండ అందుకోలేదు. 'ఎట్టా ఉంది అది?' అని అడిగాడు.

'లావుగా ఉంది బాబాయ్. ఒంటిమీద గొలుసు మచ్చలు. కుక్కరు విజిల్ లాగా బుసకొట్టింది.'

తాతయ్య మొహం మారింది. రక్తపింజర. నా వైపు తిరిగి, 'ఒరేయ్, బండి తియ్యి' అన్నాడు. ఎవరో కండువాతో కాలు బిగించి కట్టబోతే వద్దని ఆపాను. నేను నడిపా, మధ్యలో బాబాయి, వెనక తాతయ్య. గుంటల రోడ్డు మీద తిరువూరు గవర్నమెంటాసుపత్రి దాకా నా వెనక ఆ పెదాలు కదులుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఆయన మంత్రం మానలేదు. దాన్ని బండెక్కించాడు, అంతే.

అక్కడ జరిగింది చూశాక స్నేప్ క్లాసు మీద నా అభిమానం ఇంకోలా మారిపోయింది. డ్యూటీ డాక్టర్ బాబాయి చేతిలోంచి కాస్త రక్తం తీసి, మామూలు గాజు టెస్ట్ ట్యూబులో పోసి బల్ల మీద నిలబెట్టింది. గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. 20 నిమిషాలు కదపకూడదు. ఆరోగ్యవంతుడి రక్తమైతే ఈలోపు గడ్డకడుతుంది. రక్తపింజర విషం ఎక్కితే కట్టదు. పెద్ద మెషీన్ ఏమీ లేదు, ఒక గాజు గొట్టం, గోడ గడియారం. తాతయ్య బెంచీ మీద కూర్చుని ఆ గడియారాన్నే చూస్తున్నాడు.

ఆ 20 నిమిషాలూ నాకు ఐదో పుస్తకమే గుర్తొచ్చింది. నాగిని అనే పాము రాన్ వాళ్ళ నాన్నని కరుస్తుంది. పాముకి మన పేరే పెట్టారు చూడండి. ఆయన గాయాల్లోంచి రక్తం ఆగదు. మంత్రగాళ్ళ ఆసుపత్రిలో గంటగంటకీ రక్తం పుట్టించే కషాయం పడుతుంటారు. కుట్లు వేసి చూస్తే, విషం ఆ కుట్లనే కరిగించేస్తుంది. మంత్రదండం తిప్పి తగ్గించరు. ఆ విషానికి సరైన విరుగుడు దొరికేదాకా రోజులు పడుతుంది. చదివినప్పుడు ఊహ అనుకున్నా. ఇప్పుడు బాబాయి చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది.

డాక్టర్ ట్యూబు వంచింది. నీళ్ళలా జారింది.

ఫ్రిజ్‌లోంచి 10 వయల్స్ వచ్చాయి. ఒక్కో దాంట్లో తెల్లటి పొడి. సిస్టర్ వాటిలో నీళ్ళు ఎక్కించి, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తోంది. సాయం చేద్దామని నేనొకటి తీసుకుంటే, 'గట్టిగా ఊపకండి, నురగొస్తుంది' అంది. స్నేప్ కూడా ఇలాగే అనేవాడు, కాకపోతే ఇంకాస్త వెటకారంగా. అన్నీ కలిపి సెలైన్‌లో పెట్టి గంటపాటు ఎక్కించారు. కొందరికి ఈ మందే పడదు కాబట్టి విరుగుడుకి విరుగుడుగా అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే రెడీగా పెట్టుకున్నారు.

ఆ తెల్లపొడి ఎలా తయారవుతుందో తర్వాత చదివా. పాలీజ్యూస్ దీని ముందు టీ పెట్టినట్టే. చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఒకటుంది, 1978లో పెట్టారు. మన నెల్లూరు యానాదుల లాగే పాముల్ని పట్టడంలో తరతరాల విద్య వాళ్ళది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటినీ పట్టి, విషం పిండి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని గుర్రానికి ముందు చచ్చేంత కాకుండా చాలా కొంచెం ఎక్కిస్తారు. కొన్నాళ్ళకి ఇంకాస్త. నెలల తరబడి. గుర్రం ఒంట్లో విషానికి ఎదురు నిలిచే పదార్థం పుడుతుంది. దాని రక్తం తీసి, అందులోంచి ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, ఎండబెట్టి పొడి చేస్తారు. తెలంగాణలోనూ దీన్ని తయారుచేసే కంపెనీ ఉంది. పాము విషం, గుర్రం నెత్తురు, అడవి మనుషుల విద్య... ఏ మాంత్రికుడి తాళపత్రంలోనో ఉండాల్సిన దినుసులు. తేడా ఏంటంటే, ఒక మిల్లీలీటరు మందు ఎన్ని మిల్లీగ్రాముల విషాన్ని కొడుతుందో కూడా దీనికి లెక్కుంది. నాగుపాముకి 0.6, కట్లపాముకి 0.45. మంత్రానికి అలాంటి లేబుల్ నేనెక్కడా చూళ్ళేదు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళలకి పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళ పేర్లు మన ఫ్రెండ్స్‌లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. న్యూట్ స్కామాండర్ మాత్రం అందరికీ తెలుసు.

ఆరు గంటల తర్వాత మళ్ళీ అదే గాజు ట్యూబు. ఈసారి వంచితే రక్తం కదల్లేదు, జున్నుముక్కలా నిలబడింది. కిడ్నీల సంగతి చూడాలని పొద్దున్నే విజయవాడ పంపారు. తొమ్మిదో రోజు బాబాయి ఇంటికొచ్చాడు.

ఊళ్ళో క్రెడిట్ ఎవరికొచ్చిందో చెప్పక్కర్లేదు. 'పెద్దాయన దారి పొడుగునా మంత్రం వేశాడు కాబట్టి దక్కాడు' అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇవాళ బాబాయి బతికాడు సరే, రేపు ఇంకొకడు ఇదే మాట నమ్మి అరుగు మీదే కూర్చుంటే? తాతయ్యతో అదే అన్నాను. నువ్వే చెప్పు తాతయ్యా, మంత్రం పనిచెయ్యదని.

ఆయన చాలాసేపు చుట్ట తిప్పుకుంటూ కూర్చున్నాడు. 'పనిచెయ్యదంటే వాళ్ళు ఇంకోడి దగ్గరికి పోతార్రా. గంపలగూడెం వైపు ఇద్దరున్నారు. వాళ్ళు బండెక్కించరు' అన్నాడు.

తర్వాత గ్రహణం వెళ్ళిన మర్నాడు తాతయ్య ఊళ్ళో ఒక మాట వేశాడు. జపంలో తనకి తెలిసిందట: ఈ మంత్రం ఇక అరుగు మీద పలకదు, ఆసుపత్రి గేటు దాటాకే పలుకుతుంది. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు, మంత్రానికి రూల్స్ ఉండటం మామూలేగా. హాట్‌ఫిక్స్ అంటే అదీ. మా ఆఫీసులో రెండు మీటింగులు, ఒక అప్రూవల్ లేకుండా ఇంత మార్పు లైవ్‌లోకి వెళ్ళదు.

అప్పట్నుంచి నాకు తెలిసి ఐదుగురు ఆ గేటు దాటారు. ఇద్దరికి మందు అక్కర్లేకపోయింది, జెర్రిపోతులు. తాతయ్య ఇప్పుడు తిరువూరు ఏ పని మీద వచ్చినా ఒకసారి ఆసుపత్రి వైపు వెళ్ళి వస్తాడు. పాము మందు స్టాకు ఎంతుందని అడుగుతాడు. సిస్టర్లకి అలవాటైపోయింది. ఈయన కండువా గేటు దగ్గర కనపడగానే, కిటికీలోంచి వేళ్ళతో నంబరు చూపిస్తారట.