గీత ఎక్కడ పడుతుంది?

రోడ్డు వెడల్పు చేస్తామంటే ఎదురు ప్రశ్న వేసినవాళ్లను అభివృద్ధికి అడ్డం పడేవాళ్ల ఖాతాలో వేయడం మనకు అలవాటు. ఆ లెక్క జంగ్లీఘాట్‌లో కుదరదు. ఇక్కడ రోడ్డు వద్దనేవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. అంబులెన్స్ గుమ్మం దాకా రావాలని, వానాకాలంలో కాలువ నీళ్లు ఇంట్లోకి రాకూడదని అందరికీ ఉంది. వాళ్లు అడిగేది ఒకటే. గీత ఎక్కడ గీస్తారు? ఏ మ్యాప్ చూసి గీస్తారు?

అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల రేవును ఆనుకుని ఉన్న పేట ఇది. నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు గానీ పేటలో నోళ్లకు ఇంకా పాత పేరే అలవాటు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 శాతం. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనే. సందులో నాలుగడుగులు వేస్తే చాలు, ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. నేల మాత్రం మన తీరంలా చదునుగా ఉండదు. కొండవాలును చెక్కి ఇళ్లు కట్టుకున్నారు. వీధికి ఒక పక్క రిటైనింగ్ వాల్, మరో పక్క కాలువ, కాలువ మీద నాలుగు మెట్లు, ఆ మెట్ల పైన గుమ్మం. అలాంటి చోట రోడ్డును రెండు మీటర్లు జరిపితే పోయేది ప్రహరీ ఒక్కటే కాదు. మెట్లు పోతాయి, ఇంటిని పట్టి ఉంచిన గోడా పోతుంది. భూకంపాల తీవ్రత దృష్ట్యా ఈ దీవులన్నీ ఐదో జోన్‌లో ఉన్నాయని ఇక్కడి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

రాజనీతిశాస్త్రం ఎం.ఎ.లో మాకు 'ఎమినెంట్ డొమైన్' అని ఒక పాఠం ఉండేది. ప్రజాప్రయోజనం కోసం రాజ్యం పౌరుడి ఆస్తిని తీసుకోవచ్చు, తగిన పరిహారం ఇవ్వాలి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. ఇక్కడ ఆ సిద్ధాంతం మొదటి మెట్టు దగ్గరే తడబడుతుంది. 1966 నాటి భూమి రెగ్యులేషన్ ప్రకారం దీవుల్లో భూమికి యజమాని భారత ప్రభుత్వమే. పౌరుడికి ఉన్నది అనుభవించే హక్కో, లైసెన్సో. పైగా భూభాగంలో 80 శాతానికి పైగా అడవి. మిగిలిన కాస్త నేల మీదే ఊళ్లు, పొలాలు, నౌకాదళం, విమానాశ్రయం అన్నీ సర్దుకోవాలి. అటవీ భూమిలో ఉన్న కుటుంబాలకైతే 1978 అనే ఏడాదే ఒక గీత. అంతకుముందు వచ్చారా, తర్వాత వచ్చారా అన్నదాన్ని బట్టి తలరాత మారిపోతుంది. అందుకే 'ఆక్రమణ' అనే మాట ఇక్కడ విన్నంత సులువుగా మింగుడుపడదు.

మ్యాప్ సంగతి మరీ చిత్రం. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. నగర శివారు సిప్పీఘాట్‌లో పొలాలు ఉప్పునీటి పాలై అలాగే ఉండిపోయాయి. కాగితం మీది పాత కొలతలను, కళ్ల ముందున్న నేలను కలిపి చూడకుండా టేపు పట్టుకుంటే తగాదా తప్పదు.

మా ఊళ్లో, అంటే కోస్తాలోని ఓ చిన్న పట్నంలో, నా చిన్నప్పుడు మా వీధి అరుగులన్నీ ఇలాగే పోయాయి. పొద్దున ఎర్ర రంగు గుర్తు పెట్టారు, సాయంత్రానికి పలుగులు వచ్చాయి. తాతయ్య దస్తావేజుల సంచీ పట్టుకుని వీధిలో నిలబడ్డారు గానీ, చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. రోడ్డు వెడల్పయింది. ఆ వెడల్పులో ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు.

చట్టం అప్పటికంటే ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు కోసం ఓ జర్నలిస్టు ఇంటిని కూల్చేశారు. ఆక్రమణ 3.7 మీటర్లని తేలినా కూల్చింది అంతకంటే ఎక్కువ. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఆయనకు 25 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు ఒక క్రమం కూడా నిర్దేశించింది. ముందు రికార్డులు, మ్యాపులను బట్టి రోడ్డు వెడల్పెంతో తేల్చాలి. సర్వే చేసి, ఆక్రమణ ఉంటే నోటీసివ్వాలి. అభ్యంతరం వస్తే కారణాలు రాసి మరీ తేల్చాలి. తొలగించుకోవడానికి గడువివ్వాలి. ఉన్న స్థలం చాలకపోతే చట్టప్రకారం సేకరించాలి. సరిగ్గా వారం తర్వాత వచ్చిన 'బుల్డోజర్' తీర్పు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది గానీ, రోడ్డు, ఫుట్‌పాత్‌ల మీది అనధికార కట్టడాలకు ఆ రక్షణ లేదని మినహాయించింది. కాబట్టి జంగ్లీఘాట్ లాంటి వీధికి పనికొచ్చేది మొదటి తీర్పే.

నోటీసు ఒక లాంఛనం అనుకునేవాళ్లు మంగళగిరి పక్కన ఇప్పటం గుర్తు తెచ్చుకోవాలి. 2022 నవంబరు 4న అక్కడ రోడ్డు వెడల్పు కోసం ప్రహరీలు, మెట్లు, ఇళ్ల ముంగిళ్లు కూల్చారు. జనసేన సభకు పొలాలిచ్చినందుకు కక్ష తీర్చుకున్నారని గ్రామస్తులు, తొలగించింది ఆక్రమణలేనని ప్రభుత్వం. కోర్టులో తేలిందేమిటంటే నోటీసులు ముందే ఇచ్చారు. ఆ సంగతి దాచినందుకు హైకోర్టు 14 మంది పిటిషనర్లకు తలా లక్ష జరిమానా వేసింది. రాజకీయం ఎటున్నా, చివరికి మాట్లాడింది కాగితమే.

ఇంతకీ ఇక్కడి ఆడవాళ్ల భయం కూల్చివేత కాదు, నీళ్లు. దీవుల్లో వానలు మే నుంచి డిసెంబరు దాకా వదలవు. రోడ్డు పనికి దొరికేది జనవరి నుంచి ఏప్రిల్ వరకే. ధానీఖారీ డ్యామ్‌లో నీళ్లు అడుగంటేది, కుళాయి రోజు విడిచి రోజు కూడా రాని కాలమూ అదే. పైపులన్నీ రోడ్డంచునే, కాలువల్లోనే పాకుతుంటాయి. పలుగు ఒక్కటి తప్పి తగిలితే ఆ వారం నీళ్లు లేవన్నమాటే. ముందు పైపులు మార్చి ఆ తర్వాత రోడ్డు తవ్వండనేది వాళ్ల మొదటి కోరిక. ఏ ఇంజనీరైనా కాదనలేని కోరిక.

రెండోది, కొలతల తేదీ. రేవు దగ్గర వలలు బాగుచేస్తున్న ఓ ముసలమ్మ నన్ను అధికారి అనుకుందో ఏమో, గట్టిగానే చెప్పింది: "కొలిసే రోజు ముందుగా సెప్పమను బాబూ. మా వోడు యేటకెల్తే నాలుగైదు రోజులు రాడు. కాయితాలన్నీ ఆడి పెట్టెలో ఉన్నాయి, తాళం ఆడి కాడే ఉంది."