అతుకు

అతుకులబొంత అన్నా, అతుకుల సంసారం అన్నా మనకు చిన్నచూపే. లోహాన్ని అతికే పని కాస్త చేతికి అలవడినవారు మాత్రం ఆ మాటను అంత తేలికగా వాడరనుకుంటాను.

2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా మా కోహెడ కరీంనగర్ జిల్లాలోనిదే. కరీంనగర్ అనగానే వెండి తీగపని గుర్తుకు వస్తుంది. సన్నని వెండితీగలను మెలిపెట్టి, చుట్టి, చట్రంలో కూర్చి, వెండి టంకపు పొడినీ వెలిగారాన్నీ వేసి మంట చూపుతారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. ఆ రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి వేడిలోనే పనితనమంతా ఉంది.

మా ఇంటి వెనుక రేకులషెడ్డులో నేను చేసే మోటుపనికీ సూత్రం అదే. దీనిని బ్రేజింగ్ అంటారు. వెల్డింగులో అతికే లోహాలే కరుగుతాయి. ఇందులో నడుమ పోసే లోహం ఒక్కటే కరుగుతుంది. అది 450 డిగ్రీల సెల్సియస్‌కు పైన కరిగేదైతే బ్రేజింగ్, అంతకు లోపైతే సోల్డరింగ్.

ఆ మధ్య మా వీధిలోని ఒక పెద్దావిడ కొమ్ము ఊడిన ఇత్తడి కొమ్ముచెంబు తెచ్చారు. "మా అమ్మ ఇచ్చింది బిడ్డా, మనుమరాలికి ఇయ్యాలె. అతుకు కానరావద్దు" అన్నారు.

ఎవరో పూర్వం దానిని సీసపు టంకంతో అతికారు. సీసమూ తగరమూ కలిసిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది కనుక సులువు. కానీ తాగే పాత్రలో సీసం ఉండరాదు. పైగా అది మిగిలి ఉండగా ఎర్రగా కాలిస్తే ఇత్తడిని తినేస్తుంది. అందుచేత మొదటిరోజంతా గీకడంతోనే సరిపోయింది. కాడ్మియం కలిసిన వెండికడ్డీ చక్కగా పారుతుంది గానీ దాని పొగ ఊపిరితిత్తులకు విషం. 'కేడీఎం' నగల పేరు వెనుక ఉన్నది ఆ కాడ్మియమే. దానిని మా షెడ్డు గడప దాటనివ్వను.

అందం మంట వెలిగించక ముందే నిర్ణయమైపోతుంది. అంచులు శుభ్రంగా ఉండాలి. నడుమ సందు మిల్లీమీటరులో పదోవంతుకు మించరాదు. అప్పుడు వత్తి నూనెను పీల్చినట్లు ఆ సందే కరిగిన లోహాన్ని పీల్చుకుంటుంది. వెలిగారం మొదట పొంగి, తరువాత అణగి, చివరకు గాజులా తేటపడుతుంది. అప్పుడు కడ్డీని తాకించాలి. కడ్డీ మంటకు కాదు, పాత్ర వేడికి కరగాలి. ఇత్తడి కరగడానికి తొమ్మిదివందల డిగ్రీల దరిదాపు చాలు. పాతచెంబులో ఏ లోహం ఎంత ఉందో తెలియదు. ఇత్తడికడ్డీ వాడితే రంగు కలుస్తుంది గానీ చెంబే కూలిపోవచ్చు. వెండికడ్డీతో ఆ భయం లేదు, కానీ తెల్లని గీత మిగులుతుంది.

ఈ సంగతి ముందే ఆవిడకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "కానొస్తె కానరానీ, కారకుంటె చాలు" అన్నారు.

రాత్రంతా నీళ్ళు నింపి ఉంచాను. తెల్లవారి కింద పరచిన కాగితం పొడిగానే ఉంది. కొమ్ము మొదట్లో వెంట్రుకంత తెల్లగీత.

పూర్వం ఇలా పాత్రలు బాగుచేసేవారు ఊళ్ళు తిరిగేవారు. మా వైపు ఆ పనిని మాటు వేయడం అనేవారు. బ్రేజింగుకు ఆ మాట సరిపోతుందా? మీ వైపు మరేదైనా మాట ఉందా?