టైమ్‌స్టాంప్ లేని లాగ్ ఫైలు

రాంనగర్‌లో మా అమ్మమ్మకి పుట్టినతేదీ లేదు. "రాజమండ్రిలో, గాలివాన వచ్చిన ఏడు పుట్టాన్రా" అంటుంది. ఏ గాలివానో!

అక్కడి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న, లోతు తక్కువ సముద్రపు మట్టిదీ ఇదే గొడవ. చల్లారేటప్పుడు లావా ఆనాటి అయస్కాంత దిశని దాచుకుంటుంది. కింది పొరలో తిరగబడిన దిశ, పైదాన్లో ఇప్పటిదే. కానీ భూమి అలా వందలసార్లు తిరగబడింది. ఉత్త సున్నాలూ ఒకట్లూ, టైమ్‌స్టాంప్ లేదు. మధ్య మట్టిలో దొరికిన ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకులేమో డైనోసార్లు పోయిన కొత్తలోవి. దాంతో ఏ మార్పో తేలింది: సుమారు 6.57 కోట్ల ఏళ్ళ కిందటిది.

మొన్న అమ్మమ్మని ఇంకోటి అడిగా. "బారసాలకి మా నాన్న లేడట, క్విట్ ఇండియాలో జైల్లో ఉన్నాట్ట."

అంటే 1942, లేదా ఆ మరుసటేడు. ఇన్నాళ్ళూ రెండో ప్రశ్న వెయ్యంది నేనే.