కృత్తివెన్ను: కాలవ చివర, కడలి మొదట

ఫోన్లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. మచిలీపట్నం నుంచి ఈశాన్యంగా, తీరం వెంబడే వేలు జరుపుకుంటూ వెళ్లండి. పచ్చటి చేలు తగ్గిపోతూ, లెక్కల నోటుబుక్కులో గళ్లలా చెరువులే చెరువులు కనిపిస్తాయి. అదే కృత్తివెన్ను మండలం. కృష్ణా జిల్లాకి ఆఖరి గడప. ఉప్పుటేరు దాటితే పశ్చిమ గోదావరి.

కోటలు లేవు, జలపాతాలు లేవు, రైల్వే స్టేషన్ కూడా లేదు. మరెందుకు వెళ్లాలి? డెల్టా అంటే కాలవగట్టు, కొబ్బరిచెట్లు, వరిచేలు అనుకుంటాం కదా. ఆ డెల్టా ఎక్కడ, ఎలా అయిపోతుందో చూడాలంటే ఇక్కడికే రావాలి. మచిలీపట్నం నుంచి పెడన మీదుగా 216 జాతీయ రహదారిలో దాదాపు 40 కిలోమీటర్లు. దారిలో పెడనలో కలంకారీ అద్దకం చూసి వెళ్లండి, అదనపు ఖర్చు లేదు.

అన్ని నీళ్లూ ఇటే

విజయవాడలో కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అక్కణ్నుంచి కాలవలు గుడివాడ వైపు, బందరు వైపు చీలి, చీలి, ఇక్కడికొచ్చేసరికి సన్నబడిపోతాయి. దీన్నే శివారు ఆయకట్టు అంటారు. పైవాళ్లందరి చేలూ తడిశాక మిగిలిందే శివారు రైతుకి. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు కూడా కృష్ణా డెల్టాకి వస్తున్నాయి. అయినా చివర చివరే.

మురుగునీటి సంగతి దీనికి రివర్స్. అది అందరికంటే ఎక్కువ ఇక్కడికే వస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచేసిన బుడమేరు గుర్తుందా? ఆ నీళ్లు కొల్లేరులోకి పోతాయి. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఒక్కటే, అదే ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి ఈ మండలం అంచునే సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో నీళ్లు కిందికి పోతాయి. ఎండాకాలంలో పైనుంచి వచ్చే నీళ్లు తగ్గితే పోటుకి సముద్రమే ఎదురెక్కుతుంది. ఏరు ఒకటే, దిశలు రెండు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, అప్‌స్ట్రీమ్‌లో ఎవరేం మార్చినా ఎర్రర్ ఇక్కడ కనిపిస్తుంది.

జనం పలచన ఎందుకు?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కృష్ణా జిల్లాలో చదరపు కిలోమీటరుకి 518 మంది. విజయవాడ, గుడివాడ వైపు కిటకిట. తీరానికి వచ్చేకొద్దీ ఊళ్లు దూరం దూరంగా, రోడ్డునీ గట్టునీ పట్టుకుని ఉంటాయి. కారణం నేలలోనే ఉంది. చవుడు భూమి, బోరు వేస్తే ఉప్పునీళ్లు. తాగడానికి కాలవ నీళ్లు వదిలినప్పుడు మంచినీటి చెరువు నింపుకోవాలి, లేదంటే క్యాన్లు కొనుక్కోవాలి. సముద్రం పక్కనే ఉన్నా, బిందెడు నీళ్లకి వెతుక్కోవాల్సిందే.

రెండో కారణం భయం. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరుని తుడిచిపెట్టింది, దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ. లెక్కకి వచ్చినవాళ్లే పదివేల మంది. ఈ తీరంలో తాతలు సంవత్సరాలు చెప్పరు, “ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత” అంటారు. వాయుగుండం అనగానే ఇక్కడివాళ్లు ముందు చూసేది ఆకాశం వైపు కాదు, గట్టు వైపు.

వరి పోయి రొయ్య వచ్చె

ఉప్పు నేల వరికి శత్రువు, రొయ్యకి చుట్టం. 1990ల్లో టైగర్ రొయ్య వచ్చింది, డబ్బులొచ్చాయి. వెంటనే తెల్లమచ్చ తెగులు వచ్చి చాలామందిని ముంచింది. 2009లో వెనామీకి అనుమతి దొరికాక ఆట మళ్లీ మొదలైంది. ఇప్పుడు రాత్రి ఈ రోడ్డున వెళ్తే చీకట్లో ఏరేటర్ల చప్పుడే. కరెంటు పోతే పరుగో పరుగు, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట మొత్తం తేలిపోతుంది.

ఇక్కడి రైతుకి ‘కౌంట్’ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. ఆ కౌంట్ రేటు పెడనలో కాదు, అమెరికాలో తేలుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఈ చెరువుగట్లకీ తగిలింది. ఇంకో మాట. ఒక చెరువు ఉప్పునీళ్లు పక్క చేలోకి ఊరితే, పక్క రైతుకి రెండే దారులు: తనూ చెరువు తవ్వడం, లేదా లీజుకిచ్చి ఊరొదలడం. మ్యాప్‌లో గళ్లు అలా పెరిగాయి.

అంచున ఒక దీవి

చినగొల్లపాలెం దీవి కథ ఇంకా గట్టిది. ఒక పక్క సముద్రం, మిగతా పక్కల ఉప్పుటేరు, డ్రెయిన్లు. అలలు ఏటా కొంచెం కొంచెం ఒడ్డుని కోసుకుపోతున్నాయి. డెల్టా అనేది నది తెచ్చే ఒండ్రుతో పెరుగుతుంది. ఆ ఒండ్రు పైన డ్యాముల్లోనే ఆగిపోతుంటే సముద్రానికి ఎదురు నిలిచేదేముంది? నాగార్జునసాగర్ నీళ్లు తాగే మనకీ ఈ దీవికీ సంబంధం అదే.

వెళ్లేవాళ్లకి

డిసెంబరు, జనవరి బాగుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం, అప్పుడు తాజా సముద్రపు చేపలు ఆశించకండి. చెరువుగట్లు ప్రైవేటువి, అడిగి దిగండి. లోసరి దగ్గర ఉప్పుటేరు వంతెన మీద పోటు వేళ ఆగి కింద నీళ్లు ఎటు కదులుతున్నాయో చూడండి. సముద్రం నుంచి పైకి వస్తుంటే, కాలవ చివర బతకడమంటే ఏంటో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.