ఒప్పుకున్నామన్న మేర

దీపం పక్కన వేరుశనగ పెడితే మా ఊరొస్తుంది. చిరాగ్ అంటే ఉర్దూలో దీపం, పల్లి అంటే మా దగ్గర వేరుశనగ గింజ. చిరాగ్‌పల్లి. నేను తయారుచేసిన మొదటి క్రాస్‌వర్డ్ ఆధారం ఇదే. అప్పటికి అలాంటివాటికి ఒక శాస్త్రం ఉందని నాకు తెలీదు.

జహీరాబాద్ దాటి పడమరకి పోతే, పుణె–మచిలీపట్నం హైవే మీద తెలంగాణలో చివరిగా తగిలే ఊళ్ళలో మాదొకటి. అక్కడి చెక్‌పోస్టు వల్ల లారీ డ్రైవర్లకి మా ఊరి పేరు బాగా తెలుసు. దాటితే కర్ణాటక. అందుకే పోటీకి పదం ఎంచే వంతు నాకొచ్చినప్పుడు పెద్దగా ఆలోచించలేదు. 'సరిహద్దు' అన్నాను. నాలుగు గళ్ళ పదం.

పోటీ అంటే పెద్దదేం కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే పది పన్నెండు మందిమి, గళ్ళ నుడికట్టు పిచ్చి ఉన్నవాళ్ళం. నెలకో పదం అనుకుంటాం. దానికి అందరూ ఆధారాలు రాస్తారు. ఒకరు పేర్లు తీసేసి, నంబర్లు వేసి జడ్జికి పంపుతారు. గెలిస్తే ఒక పుస్తకం. ఆర్నెల్లుగా రాస్తున్నాను, ఒక్కసారీ గెలవలేదు. ఈసారి జడ్జిని నేను.

నిగూఢ ఆధారం ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. అందులో ఒక భాగం జవాబుకి మామూలు అర్థం ఇస్తుంది. మిగతా భాగం అదే జవాబుని అక్షరాల ఆటగా కట్టి చూపిస్తుంది. రెండూ కలిపి చదివితే మాత్రం వేరే ఏదో సంగతి చెప్తున్నట్టుండాలి. మనకిది కొత్త కాదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కట్టాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు నడిపాడు. పొడుపుకథలు, దత్తపదులు, నిషిద్ధాక్షరులు ఉన్న భాషలో ఇలాంటివాళ్ళు పుట్టకపోతేనే ఆశ్చర్యం.

ఇచ్చిన పదానికి ఆధారం రాసే పోటీ మాత్రం లండన్ 'అబ్జర్వర్' పత్రికది. అక్కడ దాన్ని పేరుమోసిన వ్యవహారం చేసినవాడు జిమెనీజ్. అది మారుపేరు, అసలు పేరు డి. ఎస్. మెక్‌నట్, బళ్ళో గ్రీకు, లాటిన్ చెప్పే మాస్టారు. ఆధారాల న్యాయశాస్త్రం లాంటి పుస్తకం ఒకటి 1966లో రాశాడు. ఆయన తర్వాత 1972లో ఆ గళ్ళు అజెద్ చేతికొచ్చాయి. జిమెనీజ్‌కి ముందున్నాయన టార్కెమాడా. ముగ్గురి పేర్లూ స్పెయిన్‌లో మతవిచారణ నడిపిన పెద్దలవే. అజెద్ అనేది డెజా అనే ఆయన పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి రాసుకున్నది. చిత్రహింసలు పెట్టేవాళ్ళ పేర్లు సరదాకే పెట్టుకున్నారు గానీ, ఇరవైమూడు ఆధారాలు ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను పట్టుకున్న రాత్రి నాకు ఆ పేర్లు భలే నచ్చాయి.

ఆ సంప్రదాయంలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సూత్రం ఇది. ఆధారం రాసేవాడు మనల్ని తప్పుదారి పట్టించొచ్చు, అబద్ధం మాత్రం ఆడకూడదు. ప్రతి మాటకీ పని ఉండాలి. పని లేని మాట ఒక్కటున్నా అది మోసమే.

తెలుగులో ఈ సూత్రం పాటించడం ఇంకొంచెం కష్టం. మన గడిలో పట్టేది ఇంగ్లీషులోలా ఒక లెటర్ కాదు, గుణింతాలతో, ఒత్తులతో సహా ఒక నిండు అక్షరం. 'సరిహద్దు'లో చివరి గడి 'ద్దు'. నాలుగు మాటల మొదటి అక్షరాలు ఏరుకుంటే జవాబు వచ్చేలా కడదామని ఒకరు చూశారు. 'ద్దు'తో మొదలయ్యే మాట ఎక్కడ దొరుకుతుంది? చివరికి 'తల లేని ఎద్దు' అని పెట్టి బయటపడ్డారు. నవ్వొచ్చింది, మార్కులు పడలేదు.

నాలుగో నంబరు: 'హరి సద్దుకి చెదిరిన పొలిమేర'. హరి, సద్దు – ఈ నాలుగక్షరాలూ కలిపి చెదరగొడితే సరిహద్దు. చదవడానికి కూడా బావుంది, సింహం గర్జనకి ఊరు బెదిరినట్టు. కానీ ఆ 'కి' మాటేంటి? చెదరాల్సిన అక్షరాల్లో అది లేదు, ఉండకూడదు. విభక్తి మన మాటలకి అలా అంటుకునే ఉంటుంది, తీస్తే వాక్యం నిలబడదు, ఉంచితే లెక్క తప్పుతుంది. తెలుగులో ఆధారాలు రాసే అందరికీ ఉన్న తలనొప్పే ఇది. నాకూ ఉంది కాబట్టి కొంచెం జాలిపడి మూడో స్థానం ఇచ్చాను.

తొమ్మిదో నంబరు: 'బేసి కాని మేర దాటితే వేరే ఊరు'. బేసి కానిది సరి, మేర హద్దు. కానీ సరిహద్దంటే వేరే ఊరు కాదు, దాన్ని దాటాక వచ్చేది వేరే ఊరు. రెండో స్థానం.

పన్నెండో నంబరు: 'కేసరి హద్దుమీరితే నడుమ పొలిమేర'. మొదటి రెండు మాటల నడిమధ్యలో జవాబు వరసగా కూర్చుని ఉంది. 'హద్దు' అనే ముక్క కళ్ళెదుటే కనిపించడం లోపమే. అయినా ఇంత సాఫీగా ఇంకేదీ లేదు. మొదటి బహుమతి.

పదిహేడో నంబరు: 'ఒప్పుకున్నామన్న మేర'. అంతే, రెండే మాటలు. ఒప్పుకునేటప్పుడు మనం అనే మాట 'సరి'. మేర అంటే హద్దు. మొత్తం కలిపి మళ్ళీ సరిహద్దుకే అర్థం. ఆధారం అంతా ఒకేసారి అర్థమూ, ఆటా అయిపోవడం ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ దాన్ని పక్కన పెట్టేశాను. వ్యాఖ్య కూడా రాశాను: "నిర్మాణం బావుంది, అర్థం తప్పు. సరిహద్దులన్నీ ఒప్పుకుంటే వచ్చినవి కావు."

ఆ వాక్యం రాసింది జడ్జి కాదు, చిరాగ్‌పల్లి మనిషి. మా తాత బతికున్నన్నాళ్ళూ 'జిల్లాకి పోయొస్త' అంటే అర్థం బీదర్‌కి పోయొస్తానని. 1956 నవంబరు 1 వరకు జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడగొట్టి ఆంధ్రప్రదేశ్, మైసూరు, బొంబాయిలకి పంచినప్పుడు బీదర్ జిల్లా కూడా మూడు ముక్కలైంది. నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా మెదక్‌లో కలుస్తుందని చట్టంలో ఒక్క ముక్క ఉంటుంది. ఆ 'మినహా'కి అటుపక్క ఊళ్ళలోనే మా నాయినమ్మ పుట్టిల్లు. ఆమె అన్నదమ్ములు మైసూరువాళ్ళయ్యారు, ఆమె ఆంధ్రప్రదేశ్‌ది అయింది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. మరి ఒప్పుకున్నదెవరు?

ఫలితాలు పంపేసి, ఆ వారం ఊరికి పోయాను. రాత్రి అన్నాలయ్యాక నాయినకి ఈ పోటీ సంగతంతా చెప్పాను. ఆయనకి క్రాస్‌వర్డ్ తెలీదు గానీ పొడుపుకథలంటే ప్రాణం. 'కేసరి' చెప్తే బాగానే నవ్వాడు. పదిహేడో నంబరు చెప్పి, ఎందుకు కొట్టేశానో కూడా చెప్పాను, మెచ్చుకుంటాడనే అనుకుని. ఆయన నవ్వలేదు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా."

చెప్పాను.

"ఒప్పుకున్నరు అంటలేడు గద. ఒప్పుకున్నం అన్నరు, అంటున్నడు. అన్నరంతే. నువ్వు తప్పు సదివినవ్."

ఫోన్ తీసి చూసుకున్నాను. నిజమే. నా బుర్రలో మిగిలింది 'ఒప్పుకున్న మేర'. కాగితం మీద ఉన్నది 'ఒప్పుకున్నామన్న మేర'. ఆ 'అన్న'కి రెండు పనులు. ఆటలో అది 'ఒప్పుకున్నాం' అనేదాన్ని నోటిమాటగా మారుస్తోంది, అందుకే 'సరి' వస్తోంది. అర్థంలో అది ఒప్పందాన్ని ఒక మెట్టు దూరం జరుపుతోంది. ఎవరో, ఎక్కడో, అందరి తరఫునా ఒప్పుకున్నామన్నారు. సరిహద్దంటే అదే. నాయినమ్మ తరఫున నాలో ఉన్న కోపం మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. ఆ కోపమే నన్ను దాన్ని చదవనివ్వలేదు.

వాక్యంలో ఉన్న ప్రతి మాటా చదవడం ఈ ఆటలో మొదటి పాఠం. కొత్తవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రాసేవాడు ప్రతి మాటకీ పని పెట్టాలని అడిగే జడ్జి, ఆ పనిని చూడకుండా పోవడం కన్నా అన్యాయం ఏముంటుంది? పదం ఎంచినప్పుడే నాకు దాని మీద ఒక అభిప్రాయం ఉంది. ఇరవైమూడు ఆధారాల్లో ఆ అభిప్రాయాన్ని ఏది బలపరుస్తుందా అని చూశానే గానీ, ఎవరేం రాశారని చూడలేదు.

తప్పు ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది. జడ్జి మాట మారిస్తే పోటీకి విలువేముంటుందని ఒక సాకు దొరికింది. పన్నెండో నంబరు వ్యక్తికి అన్యాయం కదా అని ఇంకోటి. చివరికి అందరికీ రాశాను: పదిహేడో నంబరు ఆధారాన్ని నేను తప్పు చదివాను. ఒక మాట వదిలేసి చదివాను. నా వ్యాఖ్య వెనక్కి తీసుకుంటున్నాను. 'కేసరి'కి ఇచ్చిన బహుమతి అలాగే ఉంటుంది, దీనికి కూడా మొదటి బహుమతే, రెండో పుస్తకం నా ఖర్చు.

అప్పుడు తెలిసింది, పదిహేడో నంబరు మా గుంపులోకి కొత్తగా వచ్చిన అమ్మాయిదని, అది ఆమె పంపిన మొట్టమొదటి ఆధారమని. నా వ్యాఖ్య చదివాక ఆమె ఎవరితోనూ వాదించలేదట. ఇక రాయను అని మాత్రం ఒకరితో అన్నదట.

నా ఉత్తరానికి మర్నాడు ఆమె జవాబు వచ్చింది.

"సరి. వచ్చే నెల పదం ఏంటి?"